తాళం వేసిన ఇంట్లో గోమార్లు

రాజమండ్రి,
9-6-1997.

ఉమా,

నేను క్షేమంగా ఇల్లు చేరాను. ఇన్లాండు కవర్లు అయిపోయాయి, పోస్టాఫీసు దాకా నడిచే ఓపిక లేదు. అందుకని రెండు కార్డుల మీద రాస్తున్నాను. ఒకటి ముందూ ఒకటి వెనకా వస్తే కలిపి చదువుకో.

విశాఖపట్నంలో సాయిదుర్గా, పసివాడూ బాగున్నారు. వాడికి ముక్కు వాళ్ల తాతగారిది, అదే మీ అన్నయ్యగారిది వచ్చింది. చూసుకోవడానికి ఆయన లేరు, అదొక్కటే దిగులు. దాని పురుడు గడిపించి, రెండు నెలల తరవాత నిన్న పొద్దున్న వచ్చి తాళం తీశాను. గుమ్మంలో కాలు పెట్టానో లేదో, మోకాళ్ల దాకా నల్లగా ఎగిరొచ్చాయి. నల్లులు అనుకునేవు. నల్లులు పాకుతాయి, ఇవి ఎగురుతాయి. పిల్లుల్నీ కుక్కల్నీ పట్టే గోమార్లు. వీధి గదిలో, పడకగదిలో, ఆఖరికి దేవుడి గూటి కింద కూడా. రాత్రంతా కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని కూచున్నాను.

ఇప్పుడు నా సందేహం విను. నా పిల్లి మీగడ ఏప్రిల్లోనే నీ దగ్గరికి వచ్చేసింది. రెండు నెలలుగా ఈ ఇంట్లో పిల్లీ లేదు, మనిషీ లేదు. నెత్తురు లేకుండా గోమారి ఎలా బతుకుతుందమ్మా? ఆ రెండో తాళంచెవి మాత్రం మీ ఇంట్లో మేకుకి వేలాడుతోంది.

ఎవరో ఉన్నారు. వాళ్లతో కుక్క కూడా ఉంది. ఎవరో చెప్పు, నేనేమీ అననులే. ఇల్లు బాగుపడేదాకా మీగడని పంపకండి. దానికి అంటుకుంటాయి.

మీ వదిన
సీతారామలక్ష్మి


అంబాజీపేట,
14-6-97.

వదినగారికి ఉమాశ్రీ నమస్కారాలు.

మీ కార్డుల్లో రెండోది ముందొచ్చింది. అందులో మొదటి మాటే "ఎవరో ఉన్నారు". పోస్టుమాను చదివాడు. పక్కింటి పాపాయి చదివింది. మీ తమ్ముడు గుమ్మంలోనే నిలబడి చదివారు. నా పేరు మీద వచ్చిన కార్డుని నేను అందరికన్నా ఆఖర్న చదివాను. ఇకమీదట నాలుగు మాటలైనా సరే, కవరులో రాయండి వదినగారూ. ఫోను చేద్దామంటే అది ఆయన ఆఫీసులో ఉంది, ఇలాంటివి అక్కడ ఎలా చెప్పుకుంటాం?

మీ ఇంట్లో ఎవరూ లేరు. గురువారం గురువారం కాలవల ఆఫీసు కాగితాలు పట్టుకుని ధవళేశ్వరం వచ్చినప్పుడు, మీ తమ్ముడు ఒక పూట మీ ఇల్లు తీసి, తులసికి నీళ్లు పోసి, తాళం వేసి వచ్చేవారు. చీకటిపడేసరికి మా గుమ్మంలో ఉండేవారు. కుక్కని కాదు, కోడిపిల్లని కూడా వెంట పెట్టుకెళ్లలేదు. ఆడపడుచు అర్ధమొగుడని పెద్దలు ఊరికే అనలేదు. మొగుడు అడగని ప్రశ్నలు కూడా మీరే అడుగుతారు.

నేను కడుపులో దాచుకున్న మాట ఒకటుంది, మీరు కదిపారు కాబట్టి చెబుతున్నాను. మీగడ వచ్చిన పదిరోజులకే మా హేమ కాళ్ల నిండా దద్దుర్లు. మీ పిల్లి రాత్రీ పగలూ గోక్కుంటూనే ఉంటుంది. అంటుకోవడానికి కొత్తగా ఏమీ లేదు, అంటించుకుని వచ్చిందే అది. మీ మనసు కష్టపడుతుందని ఇన్నాళ్లూ రాయలేదు. పైగా అది మా ఇంట్లో నా పరుపు తప్ప ఇంకో చోటు ఎరగదు. మీ తమ్ముడి కాళ్ల దగ్గర ముడుచుకుని, ఆయన పెట్టే పెరుగన్నం తిని, నన్ను చూస్తే మాత్రం మొహం తిప్పుకుంటుంది.

మీ కార్డు చదివినప్పట్నుంచీ ఆయన మొహం కూడా అలాగే ఉంది. "అక్కయ్య నన్ను అనుమానించింది" అని ఒకటే బాధ. పిల్లికి ఏదో మందు తెచ్చి, శుభ్రం చేసి అప్పగిస్తే గొడవ సద్దుమణుగుతుందంటున్నారు.

కొత్తావకాయ జాడీ మీ కోసం తీసి ఉంచాను. కోపం వచ్చిందని అది మాత్రం మానలేదు.

ఉమాశ్రీ


రాజమండ్రి,
20-6-1997.

ఉమా,

ఇదిగో, కవరులోనే రాస్తున్నాను. జిగురు కూడా రెండుసార్లు రాశాను.

నేను అడిగింది ఒకటి, నువ్వు చెప్పింది ఇంకొకటి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నా పిల్లి మీద పడ్డావేం? మీగడకి గోమార్లుంటే నాకు తెలియదా? రోజూ నా ఒళ్లోనే పడుకునేది కదా. నన్ను ఒక్కటీ కుట్టలేదు.

నా అవస్థ విన్నావంటే నవ్వుతావు. మీ అన్నయ్యగారి పాత పంచెలు రెండు కాళ్లకి చుట్టుకుని గదిగదికీ తిరుగుతున్నాను. తెల్లబట్ట మీద అవి నువ్వులు చల్లినట్టు కనబడతాయి. వెంటనే కుంకుడురసం బకెట్లో ముంచడం, మళ్లీ తిరగడం. పరుపులు వీధరుగు మీద ఎండేశాను. ఎదురింటి అప్పాయమ్మ నన్ను చూసి "ఏంటండీ పంతులమ్మగారూ, యాత్రకి బయల్దేరారా?" అని అడిగింది. వేపాకు పొగ పెట్టాను. చచ్చినవాటికి రెండింతలు మర్నాడు పుడుతున్నాయి.

అసలు సంగతి ఇది కాదు. నిన్న గురువారం. భాస్కరం ధవళేశ్వరం దాకా వచ్చి ఉంటాడు కదా? నేను ఊరినుంచి వచ్చాక వాడు రెండు గురువారాలు ఈ వైపు వచ్చాడు. ఒక్కసారీ నా గడప తొక్కలేదు. నిన్న వాడి కోసం వండి, మూడింటి దాకా తినకుండా కూచున్నాను. తప్పు లేనివాడు తోడబుట్టినదాని ఇంటికి రావడానికి ఎందుకు జంకుతాడు?

ఇంకొకటి. రాయకూడదనే అనుకున్నాను, చెయ్యి ఆగడం లేదు. పడకగది అద్దం మీద, కుడివైపు మూల, మెరూన్ రంగు బొట్టుబిళ్ల అంటించి ఉంది. నేను బొట్టుబిళ్లలు ఎరగను. నువ్వు కుంకుమే పెట్టుకుంటావు. కుక్కలు బొట్టు పెట్టుకోవు కదా ఉమా.

ఆ రెండో తాళంచెవి ఎవరి చేతికైనా ఇచ్చారా? తమ్ముణ్ణి మెల్లిగా అడుగు. మీగడకి వెన్న కొంచెం నాకించు, ఎండాకాలం దానికి బొచ్చు కడుపులో చుట్టుకుంటుంది.

సీతారామలక్ష్మి


అంబాజీపేట,
25-6-97.

వదినగారూ,

మీ కవరు వచ్చి రెండు రోజులైంది. అన్నం సహించడం లేదు.

మీ తమ్ముడు గురువారం సాయంత్రం ఇంటికొచ్చి ఏమన్నారో తెలుసా? "అక్కయ్య ఇంట్లో భోంచేశాను" అన్నారు. ఏం కూర అని అడిగితే, "కారం పెట్టిన గుత్తొంకాయ" అన్నారు. రెండోసారి వడ్డించుకున్నానని కూడా చెప్పారు. మీతో రాజీ అయిపోయిందని నేను సంతోషించాను. మీరేమో మూడింటి దాకా పస్తు కూచున్నానని రాశారు. మీ ఇద్దర్లో ఎవరో ఒకరు అబద్ధం ఆడుతున్నారు. మీరు నోటికొచ్చింది అంటారు గాని అబద్ధం ఆడరు.

ఆ పూట ఆయన ఎవరి గుత్తొంకాయ తిన్నారు వదినగారూ?

ఆ బొట్టుబిళ్ల నాది కాదు. పద్నాలుగేళ్ల కాపురంలో నేను ఒక్కటీ కొనలేదు. రెండు నెలలు ఆ తాళంచెవి ఆయన చేతిలో ఉంది. చీకటిపడేలోపు వచ్చేవారని మీకు గర్వంగా రాశాను. చీకటిపడేలోపు జరగలేనివి ఏమైనా ఉన్నాయా అని ఇప్పుడనిపిస్తోంది.

ఇంకా వినండి. వారం నుంచి ఆయన నా గదిలో పడుకోవడం లేదు. గోమార్లంటూ వీధరుగు మీద చాప వేసుకుంటున్నారు. గోమార్లు పిల్లి ఉన్నప్పుడే లేవా? అప్పుడు ఇదే మంచం మీద గుర్రుపెట్టి నిద్రపోయారు. పిలిస్తే పలకరు. హేమ జడ వేయమంటే అద్దం ముందు అలా నిలబడిపోతారు. ఇక పాపాయి చెప్పిన మాట ఒకటి. ఆదివారం అమలాపురంలో కంసాలి అప్పాజీ దుకాణంలో ఆయన్ని చూసిందట. ఏదో చిన్న బంగారు వస్తువు చేయమంటున్నారట. పాపాయి కనిపించేసరికి మాట మార్చి, "ఏమ్మా, కొబ్బరి ధర ఎలా ఉంది?" అన్నారట. నాకు ఒక్క ముక్క చెప్పలేదు. అది నాకోసమైతే కదా నాకు చెప్పడానికి.

తణుకులో మా అన్నయ్యకి ఉత్తరం రాసి పెట్టాను, ఇంకా పోస్టు చేయలేదు. ఈసారి ఆయన ధవళేశ్వరం వెళ్లొచ్చేలోపు నేనూ హేమా వెళ్లిపోతాం. నా కాపురం గోమారి కాటుతో పోతుందని నేననుకోలేదు. కాస్త దురదే కదా అనుకున్నాను.

మీ పిల్లి కూడా వారంగా కనిపించడం లేదు. ఎక్కడ తిరుగుతోందో. దాన్ని వెతికే ఓపిక నాకిప్పుడు లేదు, క్షమించండి.

ఉమాశ్రీ


రాజమండ్రి,
1-7-1997.

నా తల్లీ, ఉమా,

తణుకు ఉత్తరం చింపెయ్. ముందు అది చేసి తరవాత ఇది చదువు.

ఆ బొట్టుబిళ్ల సాయిదుర్గది. ఉగాదికి వచ్చి వెళ్లింది కదా, మొహం కడుక్కుంటూ అద్దానికి అంటించి మరిచిపోయింది. నిన్న ఎస్టీడీ బూత్ నుంచి మాట్లాడితే "అమ్మా, అది మెరూనా? నాదే" అని నవ్వింది. నా కూతురి బొట్టుని నేను గుర్తుపట్టలేక నీ కాపురంలో నిప్పు పోశాను. నా నోరు పడిపోను.

గోమార్ల మాట కూడా తేలింది. పశువుల ఆస్పత్రి డాక్టరుగారిని వెళ్లి అడిగాను. అవి మీగడవేనట. నేను విశాఖపట్నం వెళ్లకముందే నేల సందుల్లో, పరుపు కుట్లలో గుడ్లు పడ్డాయట. పిల్లలై, గూళ్లు కట్టుకుని, తిండి లేకుండా నెలలు అలాగే కూచుంటాయట. మనిషి అడుగు అదురు తగిలిందంటే గూళ్లు చీల్చుకుని ఒక్కసారి లేస్తాయట. "ఇల్లు తాళం వేసి ఉండబట్టే అన్నొచ్చాయమ్మా, ఎవరూ రాకపోబట్టే" అన్నాడాయన. భాస్కరం తులసి దాకా వెళ్లి వచ్చేవాడు గాని గదుల్లో తిరగలేదు కాబోలు. నేను ఎవరో ఉన్నారని గోల పెట్టాను. ఎవరూ లేకపోవడమే కారణం. నన్ను కుట్టలేదనే అనుకున్నాను గాని, నా ఒంటికి అలవాటు పడి దద్దుర్లు రాలేదట, అంతే.

అలాగని భాస్కరాన్ని పూర్తిగా వెనకేసుకు రాను. గుత్తొంకాయ అబద్ధం ఏమిటో నాకూ అంతుపట్టడం లేదు. వాడు చిన్నప్పుడు కూడా అబద్ధం ఆడితే తిండి మాటే కలిపేవాడు. అయినా అనుమానం మీద కాపురం వదిలి వెళ్లడం తప్పు. అప్పాజీ దగ్గరికి నువ్వే వెళ్లు. ఏం చేయమన్నాడో అడుగు. కమ్మలో, ఉంగరమో, తేలిపోతుంది. అప్పటికీ అది నీ చెవికి రాకపోతే నేనే మొదటి బస్సుకి దిగుతాను. వాడి చెవి పట్టుకునే హక్కు నాకింకా ఉంది.

ఇప్పుడు నాదొక ప్రశ్న, కోపం తెచ్చుకోకు. మీగడ వారంగా కనబడకపోవడమేమిటి? అది పూట గడిస్తే పెరుగన్నం గిన్నె దగ్గర ఉండే మనిషి. నా కార్డు మీద కోపంతో గాని దాన్ని గోనెసంచిలో వేసి పాయ అవతల వదిలేశారా? అందరిళ్లల్లో చేసే పనే. ఏరు దాటిన పిల్లి తిరిగి రాదంటారు. అలా చేసి ఉంటే చెప్పు, ఏ రేవో చెబితే నేను వెళ్లి వెతుక్కుంటాను. మీ అన్నయ్యగారు పోయిన ఏడు అదే నన్ను రోజూ పొద్దున్నే లేపింది. ఆకలని అరిచేది, దాని కోసమైనా పొయ్యి వెలిగించేదాన్ని.

ఇంకో మాట. గోమార్లకని దాని ఒంటిమీద పొరపాటున కూడా ఏ పొడీ చల్లకండి. పిల్లి ఒళ్లంతా నాక్కుంటుంది, ప్రాణం పోతుందని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. తమ్ముడికి వెంటనే చెప్పు.

నీ వదిన


అంబాజీపేట,
8-7-97.

వదినగారూ,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు పాడుచేశాను.

మీరు చెప్పినట్టే శుక్రవారం అమలాపురం వెళ్లాను. అప్పాజీ మొదట నీళ్లు నమిలాడు. "అయ్యగారు ఎవరికీ చెప్పొద్దన్నారండి" అన్నాడు. ఏడుపు ఆపుకోలేక కొట్టులోనే కూలబడ్డాను. దాంతో కంగారుపడి, "అయ్యో, మీరనుకునేదేం కాదండమ్మా. పిల్లి బొమ్మండి. బొటనవేలి గోరంత. తోక సరిగ్గా కుదరలేదని మళ్లీ పోత పోస్తున్నానండి" అన్నాడు.

నేను ఫక్కున నవ్వాను వదినగారూ. బజారంతా చూసేలా నవ్వాను. మగాడు ఇంకో ఆడదానికి గొలుసు చేయిస్తాడు, గాజులు చేయిస్తాడు. పిల్లి బొమ్మ చేయించడు. నా మొగుడు నాకున్నాడు! అరటిపళ్లు కొన్నాను, హేమకి రిబ్బన్లు కొన్నాను. బస్సులో కూచుని, అంబాజీపేట వంతెన వచ్చేదాకా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను.

వంతెన మీద మా మామ్మ మాట గుర్తొచ్చింది. పిల్లిని చంపినవాడు బంగారు పిల్లిని చేయించి దానం ఇస్తే గాని ఆ పాపం పోదు.

సంచీ కాళ్ల దగ్గరే వదిలేసి దిగిపోయాను.

ఇంటికెళ్లి నిలదీస్తే ఆయనే అంతా చెప్పారు. మీరు చెప్పిన హెచ్చరిక ఆయనకి చెప్పడానికి లేదు వదినగారూ, అప్పటికే జరిగిపోయింది. నేను పద్నాలుగో తారీఖున మీకు ఉత్తరం రాసిన మర్నాడే. ఆదివారం నేనూ హేమా పాపాయి వాళ్ల వ్రతానికి వెళ్లాం. కొబ్బరి మొవ్వులో కొమ్ముపురుగుకని వేసే తెల్లపొడి కొట్టుగదిలో ఉంది కదా, అంత పురుగే చస్తే గోమారి ఒక లెక్కా అనుకున్నారు. మీగడని ఒళ్లో పెట్టుకుని ఆ పొడి తోకనుంచి చెవుల దాకా మర్దనా చేశారు. గురగురమంటూ ఒళ్లు ఆయనకే అప్పగించిందట. తరవాత ఎండలో కూచుని ఒళ్లంతా శుభ్రంగా నాక్కుంది. మధ్యాహ్నానికి చొంగ, వణుకు. సైకిలు బుట్టలో పెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది. ఆయన దాన్ని తోట చివర కాలవ గట్టున పాతిపెట్టి, స్నానం చేసి, మేము వచ్చేసరికి అరుగు మీద కూచున్నారు. నాకేమీ తెలియలేదు. ఎందుకలా ఉన్నారని కూడా అడగలేదు. మీ కార్డు బాధే అనుకున్నాను, తరవాత వేరే లెక్కలు వేసుకున్నాను.

ఆ గురువారం ఆయన మీ వీధి మలుపు దాకా వచ్చారట. మీరు కాళ్లకి పంచెలు చుట్టుకుని అరుగు మీద పరుపులు దులుపుతున్నారట. అక్కడే నిలబడిపోయి, వెనక్కి తిరిగి, బస్సు వేళ దాకా గోదావరి రేవులో కూచున్నారట. "గుత్తొంకాయ అని ఎందుకు చెప్పారు?" అంటే, "నేను వస్తే అక్కయ్య అదే కదే చేస్తుంది" అన్నారు. ఆ పెద్దమనిషి ఏడవడం నేను మొదటిసారి చూశాను.

బంగారు పిల్లిని దానం పట్టడానికి ఏ బ్రాహ్మడూ ఒప్పుకోవడం లేదట. ఆ పాపం మాకెందుకండీ అంటున్నారు. అన్నవరం హుండీలో వేసి వస్తానంటున్నారు.

"అక్కయ్యకి నువ్వు చెప్పకు, నేనే చెప్పాలి" అని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టు ఇప్పుడు తప్పాను. మీరు రేవుల వెంట దాన్ని వెతుక్కుంటూ తిరుగుతారేమోనని భయం వేసింది. నా కాపురం నిలబడిందని సంతోషించడానికి కూడా నాకు సిగ్గుగా ఉంది. మీ కాళ్లకి నమస్కరిస్తున్నాను.

ఉమాశ్రీ


రాజమండ్రి,
18-7-1997.

ఉమా,

ఇన్నాళ్లూ జవాబు రాయలేదు. మొదటి రెండు రోజులు వాడి మీద వచ్చిన కోపానికి వాడు ఎదురుగా ఉంటే ఏమనేదాన్నో. తరవాత కార్డు రాసిన నా చేతిని చూసుకుంటూ కూచున్నాను. నేను అనుమానించకపోతే వాడు పొడి డబ్బా తియ్యడు.

నిన్న భాస్కరం వచ్చాడు.

గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు. చిక్కిపోయాడు. నువ్విచ్చిన ఆవకాయ జాడీ రెండు చేతుల్తో పట్టుకుని ఉన్నాడు, కింద పెట్టడు, నాకు ఇవ్వడు. కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చాను. పీట వేశాను. గుత్తొంకాయ వడ్డించాను. ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా, కంచం వైపు చూస్తూ, "మీగడ కనపడటం లేదక్కయ్యా. ఎటో వెళ్లిపోయింది. అంతటా వెతికించాను" అన్నాడు.

నా సంగతి నీకు తెలుసు కదా. ఎప్పుడు పోయింది, ఏ పూట, తలుపు ఎవరు తీశారు, ఎవర్ని అడిగావు అని కనీసం పది ప్రశ్నలు నా నాలుక మీద ఉంటాయి. నిన్న ఒక్కటీ అడగలేదు. "పోనీలేరా, ఎక్కడో తోటలో పిల్లల్ని పెట్టుకుని ఉంటుంది. పిల్లి జాతి కదా, ఒక చోట నిలవదు" అన్నాను. వాడు తలెత్తి నా మొహంలోకి చాలాసేపు చూశాడు. నేను చారు గిన్నె మూత తీసే వంకతో అటు తిరిగాను.

అప్పుడు తిన్నాడు. రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. ఈసారి అది అబద్ధం కాదు, నువ్వు నమ్మొచ్చు.

నువ్వు ఒట్టు తప్పావని వాడికి తెలియనివ్వకు. అన్నవరం వెళ్తానంటే వెళ్లనీ, ఆపకు, నువ్వూ వెంట వెళ్లు. దేవుడికి చెప్పుకున్నాక ఏ రోజైనా నాకూ చెప్పాలనిపిస్తే చెబుతాడు. అనిపించకపోతే, నా పిల్లి తోటలో పిల్లల్ని పెంచుకుంటోందని నేను చివరిదాకా నమ్ముతాను.

వెళ్లేముందు గుమ్మంలో ఆగి, "ఆఫీసులో అటెండరు ఇంట్లో పిల్లి ఈనిందక్కయ్యా. ఒక పిల్లని తెచ్చి పెట్టనా?" అని అడిగాడు. "ఇప్పుడొద్దురా. ఇల్లంతా ఇంకా గోమార్లే, పాపం దాన్ని పీక్కుతింటాయి" అన్నాను.

ఇంట్లో గోమార్లు ఎప్పుడో పోయాయి ఉమా. ఒక్కటీ లేదు. వాడికి చెప్పకు.

సీతారామలక్ష్మి